ఉప్పు తగ్గిందన్న ఆవిడ

జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో ఉమామహేశ్వరి ఇల్లెక్కడని ఇవాళ ఎవర్నడిగినా వేలు చూపించి మరీ చెప్తారు. రెండేళ్ళ కిందటైతే పక్క సందువాళ్ళకే ఆ పేరు తెలీదు. కొడుకు బతికుండగా పేరు తెచ్చుకున్నాడు. తల్లికి పేరు కొడుకు పోయాక వచ్చింది. ఎవరూ కోరుకోని పేరది, వద్దన్నా వదిలేది కాదు.

ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళు. టెక్కలి దగ్గర పల్లె నుంచి పెళ్ళయి జంషెడ్‌పూర్ వచ్చింది. ఠేకా మీద, అంటే కాంట్రాక్టు కూలిగా, పనిచేసే మొగుడు, కొడుకు మురళికి తొమ్మిదేళ్ళు, కూతురు మైత్రికి ఆరేళ్ళు ఉన్నప్పుడు గుండె ఆగి పోయాడు. అప్పట్నుంచీ ఒక ఠేకేదారు నడిపే క్యాంటీన్లో వంటపని. పొద్దుటి షిఫ్టుకి మూడొందల మందికి కూర వండి, తనే కౌంటర్ దగ్గర నిలబడి గరిటె తిప్పుతుంది. వండడం జీతం కోసం, వడ్డించడం తన కోసం. ఎవడు దుంప ముక్కలు ఏరుకుంటాడో, ఎవడికి అడుగు పులుసు కావాలో ముఖం చూసి పట్టేస్తుంది. బీహారీ అయినా, ఒడియా అయినా, సంతాలీ అయినా, ఆకలి ముఖాలన్నీ ఆవిడకి ఒకే భాషలో అర్థమవుతాయి.

మురళి హిందీలో ర్యాప్ పాడేవాడు. పేరు కూడా మార్చుకున్నాడు, బర్మా ఎమ్ అని. రేకుల ఇంట్లో పరుపు గోడకి ఆనించి, దాని ముందు ఫోను పెట్టుకుని గుక్క తిప్పుకోకుండా వాగేవాడు. ఆ వేగానికి తల్లికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తర్వాత తర్వాత వాడి పాటలు లక్షల మంది విన్నారు, రాంచీ నుంచీ పట్నా నుంచీ కుర్రాళ్ళు వచ్చి వాడితో ఫోటోలు దిగారు. ఇరవై మూడో ఏట, దీపాల్లేకుండా ఆగి ఉన్న ట్రేలర్ లారీని బైకుతో గుద్దుకుని అక్కడికక్కడే పోయాడు. పాడె వెనక మూడు వేల మంది నడిచారని పేపర్లో రాశారు.

మూడో రోజు చిన్నదినం. అటు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వీళ్ళ ఇళ్ళలో ఆ రోజు పోయినవాడికి ఏది ఇష్టమో అదే వండుతారు. తాగేవాడైతే సీసా, తినేవాడైతే కోడి. మురళికి నాటుకోడి కూర. వాడి పేరు మూడుసార్లు పిలిచి, ఆకు ముందు పెట్టి, ఇంట్లో దగ్గరివాళ్ళు ఆ ఆకులోంచి తినాలి. వాళ్ళు తినకపోతే పోయినవాడు ముట్టడు, ఆకలితో వెళ్ళిపోతాడు. ఆ పూట గడప దగ్గరికొచ్చిన మనిషిని పొమ్మనడం కూడా మహా పాపం. అందుకే, మురళి స్నేహితుడు సుదీప్ కెమెరా పట్టుకుని వచ్చి నిలబడితే ఎవరూ కాదనలేదు. సుదీప్ వాళ్ళది కూడా తెలుగు కుటుంబమే గానీ ఇంజనీర్ల ఇల్లు. తండ్రికి కంపెనీ ఫ్లాటు, కొడుక్కి సినిమా చదువు.

ఉమామహేశ్వరి మూడు రోజులుగా మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. చనిపోయిన మొగుడికి చిన్నాన్న, ముసలయ్య అనే పెద్దాయన, ఆవిడ తల పట్టుకుని ముద్ద నోట్లో పెట్టాడు. వెనక సందులోకెళ్ళి కక్కేసింది. కొడుకు ఆకలితో పోతాడని మళ్ళీ వచ్చి కూచుని, ఈసారి తన చేత్తో తను తిన్నది. నాలుగు ముద్దలు తిని, "ఉప్పు తగ్గింది" అంది.

కూరలో ఉప్పు సరిగానే ఉంది. ఏడేళ్ళ వయసునుంచీ మురళి ఏ కూరైనా మొదటి ముద్దకే ఆ మాట అనేవాడు. సముద్రాన్ని వండిపెట్టినా అదే అనేవాడు. ఆ రోజు ఆకు వేసి ఉంది, అనేవాడు లేడు. వాడి మాట ఆవిడ నోటి వెంట వచ్చేసింది. ఆ తర్వాత గంటసేపు నేలమీద పడి దొర్లి ఏడ్చింది.

ఆర్నెల్లకి సుదీప్ సినిమా యూట్యూబ్‌లోకి వచ్చింది. మురళి జీవితం మీద గంటా పది నిమిషాల డాక్యుమెంటరీ. అందులో ఉమామహేశ్వరి తొమ్మిది సెకన్లు కనిపిస్తుంది. ఎముక కొరుకుతుంది, నములుతుంది, ఉప్పు తగ్గిందంటుంది. కింద హిందీలో అక్షరాలు పడతాయి, 'నమక్ కమ్ హై' అని. కక్కుకోవడం లేదు, ఏడుపు లేదు. మైత్రి ఫోన్లో ఆ సినిమా చూసి ఆవిడ మురిసిపోయింది కూడా. కొడుక్కి వేసిన ఆకు అంతమంది చూశారు కదా అని. జనం ఏం రాశారో చదవమని అడిగితే మైత్రి నాలుగు మంచి ముక్కలు చదివి, "బస్, ఇత్నా హీ హై, అమ్మా" అని, అంతేనన్నట్టు ఫోను బోర్లా పెట్టేసింది.

సంగతి క్యాంటీన్లో బయటపడింది. వరసలో నిలబడ్డ ఫిట్టరొకడు పళ్ళెం చాపి, "చాచీ, నమక్ కమ్ హై క్యా?" అన్నాడు. వెనకున్నవాళ్ళు నవ్వారు. పాపం, ఈవిడ కూరలో నిజంగానే ఉప్పు తగ్గిందేమో అనుకుంది. మర్నాడు ఒక గుప్పెడు ఎక్కువేసింది. అయినా అదే అడిగారు. ఆ మర్నాడు ఇంకో గుప్పెడు. మూడో రోజు కూర నోట పెట్టుకోలేక మూడొందల మందీ గోలపెడితే సూపర్‌వైజర్ వచ్చాడు, విషయం కనుక్కున్నాడు, చెప్పలేక తన ఫోను తీసి చూపించాడు. ఎవడో ఆవిడ మాటకి డప్పు కలిపి పాట కట్టాడు. ఆవిడ నమలడం, ఆగడం, మళ్ళీ నమలడం, ఆ తాళానికి సరిగ్గా. పెళ్ళి ఊరేగింపుల్లో దానికి చిందులేస్తున్నారు. కొన్నాళ్ళు కౌంటర్ దగ్గరకి రావద్దు, వెనకాల గిన్నెలు చూసుకోమన్నాడు సూపర్‌వైజర్. మంచివాడే, మెల్లగానే చెప్పాడు.

ఆదివారం కూతుర్ని ఎదురుగా కూచోబెట్టి అన్నీ చదవమంది. మైత్రి వదిలెయ్యమని "ఛోడో నా" అంటూ బతిమాలింది, కోప్పడింది, చివరికి చదివింది. చితి చల్లారకముందే కోడి తింటున్న రాక్షసి అని ఒకడు. హిందువుల ఇళ్ళలో పదమూడు రోజులు ఉప్పూకారం మానేస్తారు, అసలు వీళ్ళది ఏ కులం అని ఇంకొకడు. ఎన్నిసార్లు నమిలిందో లెక్కపెట్టి ఇరవై రెండు అని రాసినవాడొకడు. వీడికింత వేళ ఎక్కడిదో! కొడుకు పోయిన బాధ లేదు గానీ మసాలా మీద ధ్యాస ఉందని ఒక పంతులమ్మ. ఈ తల్లికి పుట్టడం కంటే ట్రేలరే నయం అని రాసినవాడికి తొమ్మిది వేల మెచ్చుకోళ్ళు. ఇళ్ళలో కూచుని, అన్నాలు తిని, చేతులు కడుక్కుని, ఫోను తీసి ఇవి రాసినవాళ్ళు వీళ్ళంతా.

వాటన్నిటికీ ఉమామహేశ్వరి చలించలేదు. ఒక్కదానికి చలించింది. రాంచీ నుంచి ఒకావిడ, తన కొడుకు కూడా పోయాడనీ, పదకొండేళ్ళుగా నీచు ముట్టలేదనీ, ఈమె ఎలాంటి తల్లో తనకి అర్థం కావడం లేదనీ రాసింది. తిట్టు లేదు, వెటకారం లేదు. అది మూడుసార్లు చదివించుకుంది. మిగతావాళ్ళ సంగతి వదిలెయ్, కొడుకుని పోగొట్టుకున్న మనిషి అబద్ధమాడదు కదా అనిపించింది. అక్కడే చెడింది ఆవిడ పని.

మర్నాడు క్యాంటీన్లో షిఫ్టు దిగగానే రెండు ఆటోలు మారి సుదీప్ ఇంటికి వెళ్ళింది. సినిమాలోంచి ఆ ముక్క తీసెయ్యమంది. తియ్యడం కుదరకపోతే మా ఆచారం అని ఒక్క మాటైనా రాయమంది. అతను మర్యాదగానే కుర్చీ వేశాడు. తను ఏడ్చిందెందుకు పెట్టలేదని అడిగితే, తల్లులు ఏడవడం అందరి సినిమాల్లోనూ ఉంటుంది ఆంటీ, ఇది వేరేగా ఉంది అన్నాడు. జనం మాట్లాడుకునేదే ఆ తొమ్మిది సెకన్ల గురించి, అది తీసేస్తే మురళిని చూసేవాళ్ళే ఉండరని నచ్చజెప్పాడు.

"నువ్వూ తిన్నావు గదా బాబూ ఆ దినాన," అంది ఉమామహేశ్వరి. "బాగుందని రొండోసారి అడిగి మరీ ఏయించుకున్నావు. నిన్నేటీ అన్నేదే ఎవులూ?"

సుదీప్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను ఫిల్మ్‌లో లేను కదా, ఆంటీ" అన్నాడు.

అతను దుర్మార్గుడని చెప్పడానికి నాకు మనసొప్పదు. దుర్మార్గుడైతే ఆవిడ పోట్లాడేది. అతను సాయం చేస్తానన్నాడు. మీ మాటల్లో మీరే చెప్పండి, నేను తీస్తాను, జనం వింటారు అన్నాడు. ఆవిడ తనకొచ్చిన హిందీలో ఇరవై నిమిషాలు చెప్పింది. మూడు రోజుల ఉపవాసం, కక్కుకోవడం, ఆకులోంచి ఎందుకు తినాలో, ఉప్పు మాట ఎవరిదో, అన్నీ. చివర్లో, మీ ఇళ్ళలో అది తప్పయితే మీ ముందు తప్పే, అని చేతులు జోడించింది. సుదీప్ ఆ చివరి నలభై సెకన్లే ఉంచాడు. పొడుగైతే ఎవరూ చూడరట.

అది చూసి దేశం ఆవిడని క్షమించేసింది. ఎనిమిది లక్షల మంది చూశారు. తల్లి తల్లే కదా అన్నారు, తప్పు ఒప్పుకోవడానికి గుండె ఉండాలన్నారు, ఏడుపు బొమ్మలు పెట్టారు. ట్రేలరే నయం అన్నవాడు కూడా దణ్ణం బొమ్మ పెట్టాడు. రాంచీ ఆవిడ రాసింది, ఇప్పుడు తల్లిలా ఉన్నారు అని. చెయ్యని తప్పుకి దొరికిన ఆ క్షమాభిక్షని ఉమామహేశ్వరి కొంగున ముడేసుకుంది. నాకు ఒళ్ళు మండేది అక్కడే. క్యాంటీన్లో కౌంటర్ మళ్ళీ దక్కింది. సందులో ఆడవాళ్ళు పలకరించారు. పొద్దున్న లేవగానే, "ఏటి రాసినారే?" అని కూతుర్ని అడగడం అలవాటైంది. మంచిగా రాసిన రోజు గరిటె చలాకీగా తిరిగేది. ఎవడైనా పాత తొమ్మిది సెకన్లు తవ్వి మళ్ళీ పెడితే ఆ రోజు పప్పు మాడేది. ఇంట్లో నీచు మానేసింది. మైత్రికి వండిపెట్టడం కూడా మానేసింది.

మురళి ఏడాది వచ్చింది. ఆ రోజు కూడా చిన్నదినం లాగే చెయ్యాలి, వాడికిష్టమైనదే పెట్టాలి. ఏడాదికి వాడు తినేది ఆ ఒక్క పూటే. ముసలయ్య డెబ్భై ఆరేళ్ళ మోకాళ్ళతో పర్సుడీహ్ సంతకి పోయి, బేరమాడి, నాటుకోడిని సంచిలో పెట్టుకుని వచ్చాడు. గడప దాటి ఆగిపోయాడు. ఉమామహేశ్వరి తెల్లచీర కట్టుకుని ఉంది. మైత్రి గోడవారగా మూడుకాళ్ళ స్టాండు మీద ఫోను బిగించి ఉంది. ఏడాది దినం లైవ్‌లో చూపిస్తామని మురళి ఛానెల్లో ముందే చెప్పారట, అప్పటికే పన్నెండు వందల మంది వచ్చి కూచున్నారు. ఆకులో అన్నం, ఉల్లిపాయ లేని పప్పు, ఆనపకాయ కూర, పెరుగు.

ముసలయ్య సంచి కింద పెట్టాడు. కోడి ఒకసారి కొట్టుకుని ఊరుకుంది. ఫోనుకి వినపడకుండా ఆయన గొంతు తగ్గించాడు. ఈ ఇంటిల్లిపాదిలో గొంతు తగ్గించుకోని మనిషి ఆయనొక్కడే మిగిలాడు, ఇప్పుడు ఆయనా తగ్గించుకున్నాడు.

"ఇదేటమ్మా, ఆనపకాయా? సచ్చినా ముట్టేవోడు కాడు గదే ఆడు. ఏడాదిపాటు ఆకలితో తిరిగొచ్చిన పిల్లోడికి ఇదా పెడతన్నావు?"

ఉమామహేశ్వరి ఆకు సర్దుతూ తలెత్తలేదు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్కా ఆవిడకి తెలియనిది కాదు. వాడికి పాలిచ్చిన మనిషికి వాడేం తింటాడో మనం చెప్పాలా?

"నాకు తెల్దా మావయ్యా," అంది మెల్లగా. "ఆడు తిట్టడు. ఆళ్ళు తిడతారు."

ముసలయ్య సంచి తీసుకుని బయటికి నడిచాడు. మైత్రి చెయ్యి ఊపింది, అందరూ బాగుందంటున్నారని. తల్లి కొంగు సర్దుకుని, ఫోను వైపు తిరిగి కూచుని, కొడుకుని పేరు పెట్టి మూడుసార్లు పిలిచింది.