లోపలి కుట్టు

మా అమ్మకు కుట్టడమన్న ఒక్క మాట చాలు, సగం సంసారం నడిపేస్తుంది. జాకెట్టు కుడుతుంది. చీమా కుడుతుంది. నాన్న ఉద్యోగం రోజుల్లో, ఇక్కడే బెంగాల్లో, టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో నన్ను ఒళ్ళో అదిమిపట్టి చెవులూ కుట్టించింది. పక్కింట్లో కొత్త ఫ్రిజ్ దిగితే నావైపు చూసి, "ఏటే, కళ్ళు కుట్టీసినాయేటి?" అనేది. నా అనుమానపు బుద్ధి మీదా అదే మాట: "సీమ కుట్టినా దాన్నెవులు పంపినారని అడుగుతావు నువ్వు."

అడుగుతాను. ఈ కాలంలో అడక్కపోతే ఎలా?

పోయినేడాది అమ్మకు పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ చేశారు. అప్పటినుంచి మా ఇంట్లో కుట్లు అనే మాట గొంతు తగ్గించి పలకాల్సినదైపోయింది. కొన్నాళ్ళు కాలి కుట్టుమిషను తొక్కొద్దని డాక్టరు చెబితే, అసలు దాని జోలికే పోవద్దని నేను చెప్పాను. అమ్మ బుద్ధిగా తలూపింది. అంత బుద్ధిగా ఊపినప్పుడే నేను అనుమానించాల్సింది.

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం, సాల్ట్ లేక్ ఆఫీసు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే కింది వాటాలో ఉండే బెంగాలీ బౌది, అదే మన భాషలో వదిన, ఆపింది. "మాషిమా మధ్యాహ్నాలు మిషను బాగా తొక్కుతోందే" అని మా అమ్మ మాటెత్తి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. తన జాకెట్లన్నీ మా అమ్మ చేత ఊరికే కుట్టించుకుంటోందని అక్కడికక్కడే తేల్చేసుకున్నాను. ఇంట్లోకెళ్ళి నిలదీస్తే అమ్మకు చీమ కుట్టినట్టయినా లేదు.

"నాను మిషన్ తొక్కడమేటి? తుడిసినాను, అంతే."

తుడిస్తే సూదిలో కొత్త దారం ఎందుకుంటుంది? ఆ ఆదివారం అమ్మ స్నానానికి వెళ్ళగానే ఇల్లంతా గాలించాను. మంచం కింద, బియ్యం డబ్బా వెనక, ఎక్కడా బౌది గుడ్డ పీలికైనా దొరకలేదు. ఒళ్ళు మండిపోయి, బాల్కనీలో ఆరిన అమ్మ జాకెట్లు మడతపెడదామని తీశాను. తిరగేసి ఆరేసినవి. పాత కుట్టుకు లోపలగా ఇంకో కొత్త కుట్టు కనిపించింది. రెండో జాకెట్టూ అంతే. అమ్మ చిక్కిపోతోంది. నాకు తెలియనివ్వకుండా బట్టలు బిగించుకుంటోంది.

మా ఆడవాళ్ళు జాకెట్టు కుడితే పక్కల్లో కాస్త గుడ్డ మిగులు వదులుతారు, ఒళ్ళొచ్చినప్పుడు కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి. ఆ మిగులు కత్తిరించడమంటే అమ్మకు మహాపాపం. మూడో జాకెట్టులో ఆ మిగులు లేదు. పాత కుట్టుతో సహా కత్తిరించేసింది. ఇక ఒళ్ళు రాదని తనే తీర్మానించేసుకుందన్నమాట. నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

బాత్రూం తలుపు తీయగానే ఆ జాకెట్టు చూపించాను. అమ్మ తల తుడుచుకుంటూనే దాన్ని అందుకుంది.

"సెప్తే ఆస్పత్రికి ఈడ్సుకుపోతావు. మళ్ళీ కోత్తారు, మళ్ళీ కుట్లేత్తారు," అంది. "ఇయ్యయితే నానేసుకున్న కుట్లు. ఆళ్ళేసినవి నా సేతిలో ఉండవు గదే."

మర్నాడు సెలవు పెట్టి ఈడ్చుకునే పోయాను. పరీక్షలన్నీ చేసి, ఫలితం బుధవారం చెబుతామన్నారు. డాక్టరు ముఖంలో ఏమైనా కనిపిస్తుందేమోనని పట్టి పట్టి చూశాను. ఏమీ తెలియలేదు.

మంగళవారం ఊరికే కూర్చోలేక, కొత్త జాకెట్టు గుడ్డ తెచ్చి రాని పనికి నేనే మిషను ముందు కూర్చున్నాను. అమ్మ పక్కన పీట వేసుకుని కొలతలు చెప్పింది, వంకర కుట్లకు తిట్టింది. పక్కలు కలిపాక, మిగిలిన గుడ్డ మీద కత్తెర పెట్టబోతే నా చెయ్యి పట్టుకుంది.

"అది ఒగ్గీ. మళ్ళీ ఒళ్ళొత్తే కావాల."

కత్తెర కింద పెట్టాను. ఆ మాట తను నమ్మి అందో, నా కోసం అందో నేను అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అడగలేదు.