మూరెడు సందు

చనిపోయిన రోజు పొద్దున మా అక్క చేసిన చివరి పని నా తిరగమోతకు వంక పెట్టడం.

"మ్మే విజయా, ఆవాలు మాడతాండాయి. పొయ్యి తగ్గించు," అని గోడ అవతలి నుంచి అరిచింది.

"ఆవాలు నావి, పొయ్యి నాది," అన్నాను.

"ముక్కు నాది కదమ్మే!"

మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తూ కూలబడింది. మదనపల్లెకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మా బావగారి భార్య, రెడ్డెమ్మ. గంగవరం దగ్గర టమోటా తోటల్లో పెరిగిన మనిషి. పుంగనూరులో మా మామగారి రాతి మిద్దెను అన్నదమ్ములు పంచుకున్నప్పుడు నట్టింట్లో అడ్డగోడ లేచింది. తలవాకిలి, దాని చెక్కుడు ద్వారబంధం, వెలుగు కోసం నట్టింటి కప్పులో వదిలిన గవాక్షి వాళ్ళ వైపు పడ్డాయి. పొగచూరిన వంటిల్లు, కిటికీ లేని గది మా వైపు వచ్చాయి.

అడ్డగోడ కప్పుదాకా పోలేదు. పైన మూరెడు సందు మిగిలింది. గోడ కట్టేటప్పుడు నేను పాఠాలు చెప్పడానికి బడికి పోయి ఉన్నాను. ఇటుకలు చాలక మేస్త్రీ అంతటితో వదిలేశాడనుకున్నాను. ఆ సందులోంచే గవాక్షి వెలుగు మా వైపుకు దిగేది. నేను పుస్తకం తెరిచినా, బియ్యంలో రాళ్ళు ఏరినా, అక్క వాడుకోగా మిగిలిన వెలుగులోనే. ఆ సంగతి గుర్తొస్తే చాలు, కడుపు మండేది.

ఆమెకూ నామీద తక్కువేం లేదు. నేను ఇస్త్రీ చీర కట్టుకుని బడికి బయలుదేరితే, వీధిలో ఎవరూ లేకపోయినా తలవాకిట్లో నిలబడి, "పంతులమ్మ పోతాండాది, దోవ ఇడవండి!" అనేది. నేను కొన్న రంగు చీరే కొన్నాళ్ళకు ఆమె ఒంటి మీద కనిపించేది. అదేమంటే, "రంగు నీ పేరున రిజిస్ట్రీ అయ్యిండాదా?" అని ఎదురు ప్రశ్న.

ఇల్లు ముందు బాగుచేయించుకున్నది నేనే. పాత బండల మీద తెల్ల టైల్స్ పరిపించి, గోడలకు నున్నగా సిమెంటు పూయించాను. అక్క చూడటానికి వచ్చి, గడపలోనే ఆగి, చుట్టూ చూసింది.

"ఆస్పత్రి మాదిరి ఉండాది మ్మే. సూది యాడ ఏస్తారు?"

ఆ తర్వాత వాళ్ళబ్బాయి లోకేష్‌కు పెళ్ళి కుదిరింది. మండీలో టమోటా వ్యాపారం చేసే పిల్లవాడు, ఇల్లు చాలదని పట్టుబట్టాడు. అడ్డగోడ కట్టిన మేస్త్రీ చెంగల్రాయుడునే పిలిపించారు. నేను పొయ్యి ఆపేసి గోడకు చెవి పెట్టాను.

"గవాక్షి మూసేసి స్లాబు ఏసేద్దాం మా. పైన రెండు రూములు వస్తాయి," అన్నాడు లోకేష్.

గవాక్షి మూతపడితే మా సగంలో పగలూ రాత్రే. అలాగని పోయి ఆమెను బతిమాలడం నా వల్ల అయ్యే పని కాదు.

"స్లాబు నీ నెత్తిన ఏసుకో," అంది అక్క.

"మరి రూములు యాడ కట్టేది?"

"ఎనక జాగా లేదా? గవాక్షి మూస్తే నాకు ఊపిరాడదు. సెంగల్రాయుడప్పా, పాత ఇంటి మాదిరే రావాల. కొత్తది యాడ మొదలైందో కనిపెట్టినోళ్ళకి కోడికూర పెడతా."

ఆ పూట నా మనసు కుదుటపడింది. పని మొదలయ్యాక మళ్ళీ మంట రేగింది. శాంతిపురం నుంచి పాతవాటికి సరిపోలే రాతి స్తంభాలు వచ్చాయి. గోడలకు సిమెంటు రానివ్వక సున్నమే పూయించింది. ద్వారబంధం మీద ఏళ్ళుగా పేరుకున్న రంగులు గీకిస్తే అడుగున చెక్కిన చిలకలు బయటపడ్డాయి. ఇన్నాళ్ళూ అక్కడ చిలకలున్నాయని మాకెవరికీ తెలియదు. అవి కూడా ఆమె వైపే! పునాదికి అడ్డమొచ్చిన కొత్తిమీర మడిని సైతం, చుట్టూ పాచిపట్టిన ఇటుకలతో సహా పక్కకు జరిపించింది. పాత ఇటుకల మీద కూడా ఇంత మోజా అని నవ్వుకున్నాను.

కుప్పం నుంచి నన్ను చూడటానికి వచ్చిన నా సొంత చెల్లెలు మాధవి, సాయంత్రం దాకా అక్క ఇంట్లోనే స్తంభాల పక్కన ఫోటోలు దిగుతూ కూర్చుంది. కొత్త గదులు ఎక్కడ మొదలయ్యాయో కనుక్కోలేక ఓడిపోయి, అక్కడే కోడికూర కూడా తిని వచ్చింది. పైగా, "నీ ఇంట్లో నడవాలంటే జారతాదని బయం అక్కా," అని నాకే చెప్పింది.

ఆమె వెళ్ళాక గోడ వైపు తిరిగి గట్టిగా అన్నాను. "మ్యూజియం మాదిరి ఉండాదక్కా మీ ఇల్లు. టికెట్టు పెట్టు."

"పెడతా. నీకు డబల్."

ఇప్పుడు తుడిచే అక్క లేక ఆ వైపు గవాక్షి అద్దం మీద దుమ్ము పట్టింది. వెలుగు మా వైపుకు మసగ్గా దిగుతోంది. దినాలు అయ్యాక ఒకరోజు ఆవాలు నిజంగానే మాడిపోయాయి. గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. ఎవరూ అరవలేదు. మరుసటి రోజే చెంగల్రాయుడుకు కబురు పెట్టాను. వెలుగు లేకపోయినా సరే, ఆ సందు నా కళ్ళకు కనపడకూడదనిపించింది.

"ఈ సందు మూసెయ్యప్పా. అప్పుడు ఇటుకలు సాలక వదిలేస్తివి కదా."

అతను టేపు చేతిలో పట్టుకుని నావైపు వింతగా చూశాడు.

"ఇటుకలు సాలలేదని ఎవురు సెప్పినారమ్మా? శానా మిగిలినాయి. కొత్తిమీర మడి సుట్టూ ఉండేవి అవే కదా."

"మరి యాల ఆపితివి?"

"నేను యాల ఆపుతానమ్మా? రెడ్డెమ్మక్క ఆపమనింది. 'పైదాకా కట్టేస్తే ఆ యమ్మి ఏం చేస్తాండాదో నాకెట్ట తెలుస్తాది? సాలు, దిగప్పా' అనింది."