లైబ్రేరియన్ గారు అడిగిన మిగతా కథ

తాడేపల్లిగూడెం గ్రంథాలయంలో లైబ్రేరియన్ గారు పదేళ్ల పిల్లలమైన మమ్మల్ని కూడా "అండీ" అనే పిలిచేవారు. మాంత్రికులూ ఎగిరే గుర్రాలూ ఉన్న నవల ఏది అడిగినా, "చదవదగ్గదేనండీ, నేను చదివాను" అన్నాకే చేతికిచ్చేవారు.

ఆ ఏడు వానాకాలంలో ఆయన కూతురు టైఫాయిడ్‌తో పోయింది. నా క్లాసే. ఆయన మళ్లీ గ్రంథాలయం తెరిచిన రోజున నేను వెళ్లి, పాతాళానికి దిగిన రాజకుమార్తె నవల కావాలన్నాను. అది ఆ అమ్మాయి దగ్గరే ఉండిపోయిందని అడిగేశాక గానీ గుర్తు రాలేదు. ఆయన ఇంటికెళ్లి తెచ్చారు. మధ్య పేజీల్లో ఆమె రిబ్బను ఉంది.

నాలుగు రోజుల్లో చదివేశాను. ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. తిరిగిస్తుంటే ఆయన రిబ్బనున్న చోట తెరిచారు.

"జ్వరంలోనే ఇక్కడిదాకా నాకు చెప్పిందండీ. మిగతాది మీరు చెబుతారా?"

"మీరు చదివారు కదండీ?"

"చదివానండీ. అయినా చెప్పండి."

బల్ల దగ్గర నిలబడి, రాజకుమార్తె ఇల్లు చేరేదాకా చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని విన్నారు. "బావుందండీ" అని, నా వెనక నిలబడ్డ పిల్లకు ఆ పుస్తకం ఇచ్చేశారు.