దోసకాయలకు పట్టిన కారం

ఆ ఏడు మా మిరపచేను గట్ల మీద నాన్న సరదాకి చల్లిన దోస గింజలు సరదాగా మొలిచి, సీరియస్‌గా కాశాయి. మిరపకాయ కోతకు వచ్చినవాళ్ళు ఒళ్ళో వేసుకెళ్ళినంత వేసుకెళ్ళినా, నేను వీధంతా తిరిగి పంచినా, మా వసారాలో పసుప్పచ్చని గుట్ట మాత్రం తరగలేదు. చివరికి పక్కింటావిడ నన్ను చూడగానే గుమ్మంలోంచే చెయ్యి అడ్డంగా ఊపేది.

"దోసకాయలైతే వద్దే తల్లీ! వేరే పనుంటే లోపలికి రా."

పోనీ గేదెలకు వేసేద్దామన్నాడు నాన్న. అమ్మ ఒప్పుకోలేదు. కారణం నాయనమ్మ. కడుపులో పుండు ఉందని బ్రాడీపేటలో డాక్టరు ఆవిడ చేత కారం మాన్పించాడు. మిరపచేల మధ్య పుట్టి, మిరపచేల మధ్యే కాపురం చేసిన మనిషిని కారం తినొద్దనడమంటే, చేపను ఒంటికి తడి తగలకుండా బతకమన్నట్టే. ఆవిడ చప్పిడి పప్పన్నం రెండు ముద్దలు కెలికి లేచిపోయేది. చేతి గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి.

"ఉప్పులో ఊరేసి ఎండబెడితే ఒరుగులవుతాయి. నేతిలో వేయించి పెడితే ఆవిడ నాలుగు మెతుకులు తింటుంది" అంది అమ్మ. "ఎండలు ముదిరితే ఊళ్ళో కూరగాయన్నదే దొరకదు. అప్పుడు ఏం పెట్టి బతికించుకోను ఆవిణ్ణి?"

ఆ మాటతో నాన్న గేదెల ఊసెత్తలేదు.

డిగ్రీ సెలవులకు ఇంట్లో ఉన్న నాకు రెండు ఉద్యోగాలు పడ్డాయి. ఒకటి, ప్రతి కాయా కోసి చేదు ఉందేమోనని కొసరు ముక్క నమిలి చూడటం. రెండోది, ముక్కలు తరగడం. మొదటిదానిలో పాసయ్యాను. రెండోదానిలో నా ముక్కలు ఒకటి శుభలేఖంత మందం, ఇంకొకటి శుభలేఖల కట్టంత మందం. అమ్మ వాటిని చూసి, "పోన్లే, చదువుకునే పిల్లవి" అంది. అది క్షమించడమో, చదువు మీద తీర్పో నాకు ఇప్పటికీ తెలీదు.

ఉప్పులో ఊరిన ముక్కల్ని తెల్లారి ఎండలో పరచాలి. అమ్మ కాయకోతకు చేలోకి వెళ్ళిపోయింది. సాయం చేద్దామన్న సదుద్దేశంతో నాన్న ఓ పెద్ద గోనె బరకం డాబా మీద పరిచి, ముక్కలన్నీ దాని మీద పోశాడు. ఏటా మా మిరపకాయలు ఎండేది ఆ బరకం మీదే. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఇద్దరికీ తట్టలేదు. మా ఊళ్ళో కారం గాలిలాంటిది, ఉన్నట్టు ఎవరూ గమనించరు. మధ్యాహ్నానికి ముక్కలు నారింజ రంగు తిరిగితే, ఎండ బాగా పట్టిందని నేను మురిసిపోయాను కూడా.

సాయంత్రం అమ్మ డాబా ఎక్కుతూనే తుమ్మింది.

"ఏవండీ, ఏ బరకం ఇది?"

"ఇంట్లో ఇంకోటేదీ? దులిపే వేశాలే."

"దులిపితే పోయే కారమా అది!"

కింద అరుగు మీంచి నాయనమ్మ అందుకుంది. "ఒరేయ్! డాక్టరు వద్దన్నదాన్ని ఏరికోరి అద్దావంట్రా వాటికి?"

నేనొక ముక్క నాలుక మీద పెట్టుకుని, వెంటనే నీళ్ళకుండ దగ్గరికి పరిగెత్తాను. మొత్తం మీద మాకు ఒరిగింది ఏమీ లేదు, ఒరుగులు కూడా. అమ్మ డాబా దిగి వచ్చింది. కాయలు కోసి కోసి ఆవిడ చేతులు మండుతున్నాయి. అలవాటు కొద్దీ గిన్నెలో మజ్జిగ పోసుకుని, మణికట్ల దాకా ముంచి కూర్చుంది. కోతకు వెళ్ళొచ్చిన ఆడవాళ్ళంతా చేసే పనే. కాసేపు అలాగే మజ్జిగలోకి చూసింది. తర్వాత తలెత్తింది.

"చేతుల మంట తీసేది ముక్కల మంట తీయదా?"

మా గేదెల్లో అప్పుడు పాలిచ్చేది ఒక్కటే. ఆ మజ్జిగ చాలదు. తపేలా పట్టుకుని మళ్ళీ పక్కింటికే వెళ్ళాను.

"మళ్ళీ దోసకాయలేనా?"

"కాదు పిన్నీ, మజ్జిగ కావాలి."

"హమ్మయ్య! అడగడానికొచ్చావా? రా, రా!"

ఆవిడ తన ఇంట్లోది పోయడమే కాక, ఎదురింటి వాళ్ళనూ కేకేసింది. చీకటి పడేలోగా మా గంగాళం తెల్లగా నిండింది. ముక్కల్ని రెండు మూడు నీళ్ళలో కడిగి, పిండి, ఉప్పు కలిపిన ఆ మజ్జిగలో వేసింది అమ్మ. పొద్దున్నే వాటిని ఉతికిన పాత నేతచీర మీద పరిచింది. ఈసారి నాన్నను డాబా మెట్లు ఎక్కనివ్వలేదు.

తర్వాత జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. రోజూ చూస్తుండగానే ముక్కలు ముడుచుకుని, పలచబడి, వెలుతురు కనపడేలా అయ్యాయి. ఒకటి తీసి ఎండకు పట్టుకుంటే అవతల నా వేళ్ళ నీడ కనిపించింది. వసారా సగం ఆక్రమించిన గుట్టంతా ఒక జాడీలో సర్దుకుంది. అన్ని నీళ్ళు చప్పుడు లేకుండా ఏ దారిన పైకి వెళ్ళాయి? చేలో మిరపకాయకు అంత మంట పోసిన ఎండే, మా డాబా మీద దోసముక్కను ఇంత సాధువును చేసిందా? సైన్సు పుస్తకంలో దీనికి ఒక్క మాటలో జవాబుంది. ఆ మాట నేను పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. డాబా మీద నిలబడ్డప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు. ఊరికే నోరు తెరుచుకుని చూశాను.

ఎండలు ముదిరాయి. బోరు నీళ్ళు తాగడానికే సరిపోయేవి. సంతలో వాడిన బెండకాయలు కూడా కరువయ్యాయి. ఆ రోజు అమ్మ జాడీ మూత తీసి, గుప్పెడు ఒరుగులు నేతిలో వేయించి నాయనమ్మ పళ్ళెంలో వేసింది. ముగ్గురం చుట్టూ నిలబడ్డాం. ఆవిడ ఒకటి నోట్లో వేసుకుంది. కరకరమని చప్పుడైంది.

"కారం తగిలిందా అత్తయ్యా?" అని వంగి చూసింది అమ్మ.

నాయనమ్మ ఇంకోటి నమిలింది. పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. నేనూ ఒకటి తిన్నాను. పుల్లగా, ఉప్పగా ఉంది. అంతా అయ్యాక, గొంతు చివర ఎక్కడో, ఉందా లేదా అన్నట్టు ఓ చురుకు.

"ఇదంతా నా బరకం..." అనబోయి నాన్న అమ్మ మొహం చూసి ఆగిపోయాడు.

"కడుపులో ఏమన్నా మంటగా ఉందా? చెప్పండి, తీసేస్తాను" అంది అమ్మ.

నాయనమ్మ పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"మంటా లేదు, మన్నూ లేదు. ఆ అన్నం గిన్నె ఇలా తే అమ్మాయ్. ఇంత చారెడు పెడితే ఎక్కడికి చాలుతుంది?"

నెలల తరబడి ఆవిడ అన్నం అడిగింది లేదు. అమ్మ పొయ్యి మీద నెయ్యి మరిచిపోయి, గిన్నె కోసం లోపలికి పరిగెత్తింది.