కుడివైపు నిలువు కమ్మి

ఇవాళ నీళ్ల ట్యాంకర్ రాదన్న మెసేజ్ కిందే, ఎదురింటి మాస్టారు పోయారన్న మెసేజ్ వచ్చింది. మా కొండాపూర్ బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. ఏ బొమ్మ ట్యాంకర్‌కో, ఏ బొమ్మ మాస్టారికో తెలియలేదు. నేనప్పుడు ఆఫీసులో మీటింగులో ఉన్నాను. లాప్‌టాప్ మూసేసి లేచి వచ్చేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆయన పాస్టర్లకు చదువు చెప్పే కాలేజీలో హెబ్రీ భాష బోధించేవారు. రిటైరయ్యాక, వాళ్లావిడ, అంటే మా ఆంటీ, కంటి వైద్యం కోసం తెనాలి వైపు నుంచి వచ్చి, మా ఎదుటి ఫ్లాట్‌లో అద్దెకు ఉండిపోయారు. పిల్లలు లేరు. నేను ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఉండే ఫ్లాట్‌కీ వాళ్లకీ మధ్య లిఫ్టు ఒక్కటే అడ్డం.

ఆయన అలవాటొకటి మొదటివారంలోనే గమనించాను. పాలపాకెట్ కోసం బయటికొచ్చినా, లోపలికెళ్తున్నా గుమ్మం నిలువు కమ్మిని చేత్తో ఒకసారి తాకేవారు. పట్టు కోసం కాదు, పలకరింపులా. ముసలాయన తూలుతున్నారేమోనని నేను ఓసారి చెయ్యి అందించబోయాను.

"పడిపోనులేమ్మా. మెజూజాని ముట్టుకుంటున్నా" అన్నారు.

అలా మొదలైంది మా స్నేహం. మెజూజా అంటే హెబ్రీలో మొదట వట్టి కొయ్యేనట, గుమ్మానికి నిలబెట్టే కమ్మి. దేవుడు ఒక్కడేనని, ఆయన్ని నిండు మనసుతో ప్రేమించమని చెప్పిన మాటల్ని ఇంటి కమ్ముల మీద రాసుకోమని మోషే ధర్మశాస్త్రంలో ఉందట. యూదులు ఆ మాటల్ని తోలు మీద చేత్తో రాయించి, చుట్ట చుట్టి, చిన్న గొట్టంలో పెట్టి, లోపలికి వెళ్లేటప్పుడు కుడివైపుకి వచ్చే కమ్మికి కాస్త ఏటవాలుగా బిగిస్తారు. పోనుపోను ఆ చుట్టకే మెజూజా అన్న పేరు స్థిరపడింది. వస్తూ పోతూ దాన్ని తాకి వేళ్లు ముద్దు పెట్టుకుంటారు.

మరి మీరూ ఒకటి బిగించుకోవచ్చుగా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. అది వాళ్ల ఆచారమనీ, తను ఆ మాట చదువుకున్న మనిషి మాత్రమేననీ, తన వాటాకి కొయ్య చాలుననీ అన్నారు. శుక్రవారం నేను మా గడపకి పసుపు రాస్తుంటే కుర్చీ వేసుకుని చూసేవారు. "మీరు కాలి దగ్గర దణ్ణం పెట్టారు, వాళ్లు చేతి దగ్గర పెట్టారు. గుమ్మం దాటడం చిన్న పని కాదని ఇద్దరికీ తెలుసు" అనేవారు.

ఆంటీకి మాత్రం ఇదంతా వేళాకోళం. చూపు బాగా మందగించినా నోరు మందగించలేదు. "నలభై ఏళ్ల కాపురంలో నన్ను పలకరించింది తక్కువ, తలుపుని పలకరించింది ఎక్కువ" అనేది. తను ఎప్పుడూ ఆ కమ్మిని తాకేది కాదు.

ఒక సాయంత్రం మెడలో ఆఫీసు కార్డుతో నీరసంగా లిఫ్టు దిగాను. పూర్వం ఆ కమ్మి దగ్గరే ఇంకో పని కూడా జరిగేదని మాస్టారు చెప్పారు. బానిసకు ఏడో ఏట విడుదల. కానీ వాడు, నాకు యజమానే ఇష్టం, పోను అన్నాడంటే, గుమ్మం దగ్గర నిలబెట్టి చెవికి కదురుతో కన్నం పొడిచేవారు. ఇక జీవితాంతం ఆ ఇంటివాడే.

"మీకు చెవి వదిలేసి మెడకి వేశారు. నయమే" అన్నారు, నా కార్డు చూస్తూ.

నేను మూడో కంపెనీకి మారుతున్నానని చెప్పాను.

"నీకేం బెంగ లేదు. నువ్వు ఏడో నెలకే పోతావు."

మర్నాడు ఆఫీసు అద్దం తలుపు పక్కన కార్డు ఆనించి, అది కీచుమన్నప్పుడు, నా చెయ్యి చెవి మీదకి పోయింది. ఇప్పటికీ పోతుంది.

ఆయన చేతి జిడ్డుకి ఆ కమ్మి మీద పెయింట్ అరచేతి మేర నల్లబడింది. ఓనరమ్మ కింద అంతస్తులోనే ఉంటుంది, పాత కొండాపూర్ ఊరి మనిషి. పైకొచ్చినప్పుడల్లా, "ఏంది సారూ, మొత్తం ఖరాబ్ చేస్తివి" అనేది. పోయేటప్పుడు తుడిచే పోతానని ఆయన నవ్వేవారు.

పోయిన వారం ఆసుపత్రిలో చూశాను. ముక్కులో గొట్టాలు. ఊపిరి కూడదీసుకుని మాట్లాడారు. "ఇక్కడ గుమ్మాల్లేవమ్మా, అన్నీ తెరలే. ఎట్లాగైనా ఒక్కసారి నా గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్లండి." తీసుకెళ్దాం మాస్టారూ అన్నాను. ఆంటీ కూడా అంది.

ఆయన్ని తెచ్చిన అంబులెన్స్ వచ్చేసరికి ఓనరమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. అద్దె ఇళ్లలోకి శవాన్ని రానివ్వరని నాకు తెలుసు. తెలిసీ అడిగాను. ఐదు నిమిషాలు చాలు, స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్లి తెచ్చేస్తాం అన్నాను.

ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సారు మీద ఇజ్జత్ లేక కాదు బిడ్డా. పీనుగ గడప దాటితే ఆర్నెల్లు ఇల్లు మూయాలె. కిరాయికున్నోళ్లంతా ఖాళీ చేసి పోతరు. నా బతుకే దీని మీద."

నేను గొంతు పెంచబోతుంటే ఆంటీ నా భుజం నొక్కింది. "ఊరుకో. ఆయనుంటే ఆమెదే న్యాయం అనేవారు. ఐగుప్తులో యూదులు కమ్ములకి గొర్రెపిల్ల రక్తం పూసింది ఎందుకనుకున్నావ్? చావు ఇంట్లోకి రాకూడదనేగా."

సెల్లార్‌లో, రెండు కార్ల మధ్య ఖాళీలో ఫ్రీజర్ పెట్టె పెట్టారు. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెడితే ఎవరో బైకు తియ్యాలంటూ వచ్చి, చూసి, హెల్మెట్ తీసి నిలబడిపోయారు. వీడ్కోలుకి కూడా ఆ మనిషికి ఒక గుమ్మం దొరకలేదు. స్తంభాలున్నాయి, వాటి మీద పార్కింగ్ నంబర్లున్నాయి.

ప్రార్థన అయ్యాక ఆంటీ నన్ను పైకి తీసుకెళ్లమంది. లోపలికి పోతుందేమో అనుకున్నాను. గుమ్మం ముందే ఆగిపోయింది. కనిపించని కళ్లతో కమ్మి మీద తడుముతూ, ఆ నల్లబడిన చోటు దగ్గర ఆగింది. పెయింట్ అరిగిన నునుపు చేతికి తెలిసినట్టుంది. అరచెయ్యి పూర్తిగా ఆనించి, చాలాసేపు ఉంచింది. తర్వాత ఆ చేతిని పిడికిలి బిగించింది.

లిఫ్టులో నేను చెయ్యి పట్టుకోబోతే, "ఇది కాదు, అవతలి చెయ్యి పట్టుకో" అంది. దేనికీ తగలకుండా, ఆ పిడికిలిని ఛాతీకి దగ్గరగా పట్టుకుని సెల్లార్ దాకా తెచ్చింది. పెట్టె దగ్గర విప్పి, ఆయన ముఖానికి పైనున్న అద్దం మీద ఉంచింది.

చెయ్యి తీసేసరికి, మంచు పట్టిన అద్దం మీద ఐదు వేళ్లు స్పష్టంగా ఉన్నాయి. వాటిలోంచి మాస్టారి నుదురు కనిపించింది. చూస్తుండగానే వేళ్ల కొసల నుంచి మళ్లీ ఆవిరి కమ్మడం మొదలైంది.