ఓట్లు లేని రోజున తుపాకి

భూములు పోయాయి. పాత మేడలో మా వాటాకు వచ్చిన రెండు గదులు, మా తాత జోడుగొట్టాల తుపాకి, దాని లైసెన్సు మిగిలాయి. ఇల్లు తాళం వేసి, తుపాకిని లోపల వదిలి ఊరు దాటకూడదన్నది తాత నియమం. నేనూ తప్పలేదు. అందువల్ల మా ఆవిడ పులివెందులలోని పుట్టింటికి తప్ప ఎక్కడికీ పోలేదు, అదీ ఒంటరిగా.

నిరుడు ప్రొద్దుటూరు నుంచి కాశీకి యాత్రా బస్సు పోతుందని తెలిసి, ఆమె ఇద్దరికీ సీట్లు చెప్పి వచ్చింది.

"నువ్వు రాకుంటే నీ సీట్లో మా వదినను కూర్చోబెట్టుకొని పోతా. నువ్వూ, ఆ తుపాకీ ఈడే కాపరం చేసుకోండి" అంది.

బయలుదేరే రోజు పొద్దున్నే తుపాకి గొట్టాలు ఖాళీగా ఉన్నాయని చూసుకున్నాను. తూటాలు వేరే డబ్బాలో పెట్టి, తుపాకిని గుడ్డసంచిలో కట్టి, ఆటో మొత్తం మాట్లాడుకొని పెద్దముడియం పోలీసు స్టేషన్‌కు పోయాను.

గొడవలు కాకుండా లైసెన్సు తుపాకులన్నీ తెచ్చి పెట్టమంటారు కాబట్టి, మా వైపు తుపాకులు స్టేషన్‌కు చేరేది ఎన్నికలప్పుడే. నేను ఆటో దిగగానే ఎదురుగా టీ అంగడిలోంచి కేక వినిపించింది.

"ఏంది మామా, ఓట్లొచ్చినాయా?"

"లేదప్పా, కాశీకి పోతాండా."

"కాశీకి పోయేటోడు తుపాకి ఏంటికి తెస్తాడు? మా కాడ దాస్తాండావు!"

"పైనుంచి కబురొచ్చింటాదిలేరా. పెద్దింటోళ్లు గదా" అన్నాడు ఇంకొకడు.

పెద్దింటోళ్లనే మాట విని చాలా కాలమైంది. నా నడక ఇంకొంచెం నిటారైంది.

లోపల రాతపని చూసే రైటరు కూడా, "ఎలక్షన్లు లేవు కదా పెద్దాయనా?" అన్నాడు. యాత్ర సంగతి చెప్పాను. ఆయన ఎస్సైని అడగడానికి లోపలికి పోయాడు. కాదంటే నా సీటు మా ఆవిడ వదినదే అనుకుంటూ నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఊరికి పోయేటప్పుడు కూడా పెట్టొచ్చంట. అందరూ ఇట్లే తెస్తే మాకు శానా మేలు" అంటూ వచ్చి, లైసెన్సుతో నంబరు సరిచూసి, తుపాకీ తూటాలూ తీసుకొని రసీదు ఇచ్చాడు.

బయట సర్పంచి పదవి మీద ఆశ పెట్టుకున్న మా ఊరాయన, టీ అంగడి మాట అప్పుడే చెవినబడి, కారు ఆపుకొని చేతులు జోడించాడు.

"మామా, నువ్వు నిలబడతాండావా? లేకుంటే మీ ఇంటి ఓట్లు నాకే."

"ఓట్లు లేవప్పా. కాశీకి పోతాండా."

"అట్లనే అనల్లలే. ఎక్కు, యాడికంటే ఆడికి దింపుతా."

ఇంటికి వచ్చి మా ఆవిడను, మూటలను ఎక్కించుకొని, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు దాకా దింపాడు. దారిపొడవునా మా వీధికి సిమెంటు రోడ్డు, కొత్త కాలువ ఇస్తానన్నాడు. మా ఆవిడ వెనక సీట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

"రోడ్డు మాట తర్వాత. మేం తిరిగొచ్చేనాడు కూడా కారు తేప్పా" అంది.

యాత్రా బస్సులో కిటికీ సీటు ఆమే తీసుకుంది. పక్కన కూర్చున్నాక నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె చూసి, పులిహోర డబ్బా నా ఒళ్లో పెట్టింది.

"పట్టుకో. దీనికి లైసెన్సు పనిలేదు."