జడల పిన్ని ఎడమ చెయ్యి

హాస్టల్లో ఆడపిల్లలందరికీ ఆమె జడల పిన్ని. అసలు పేరు జీతం ఇచ్చే రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. పొద్దున్నే ఆమె వరండా మెట్టు మీద కూర్చుంటే, పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ముందు కూర్చునేవారు. చిక్కు తీయడం, పాయలు విడదీయడం, మధ్యలో నాలుగు చివాట్లు. "తల నిలపవే, బొంగరమా!" అంటే పిల్లలు కిసుక్కున నవ్వేవారు. పెళ్లీ పెటాకులూ లేని మనిషికి అదే సంసారం.

పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయాక తమ్ముడి ఇంట్లో వెనక గది దక్కింది. తమ్ముడూ మరదలూ చెడ్డవాళ్లేం కారు, వాళ్లకు తీరిక లేదు, అంతే. "తిన్నావా వదినా?" అని అడిగి, జవాబు వినకుండానే మరదలు ఆఫీసుకు పరిగెత్తేది. ఇక సాయంత్రం దాకా మాట్లాడటానికి గోడలే దిక్కు. హాస్టల్ వార్డెన్ మాత్రం చూడ్డానికి వచ్చినప్పుడు, "చెయ్యి బాగుపడగానే వచ్చెయ్ పిన్నీ," అంది. పిన్ని ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడింది.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే పిన్ని మూతి ముడిచింది.

"బంతి పిసికితే నాకేం ఒరుగుతుందమ్మా? నాకు కావల్సింది జడ."

ఆ అమ్మాయికి కోపం రాలేదు సరికదా, నవ్వొచ్చింది. "అయితే జడే వేద్దాం. ఏ పని రావాలో చేత్తో ఆ పనే చేయించాలి. ఉత్త బలం ఏం చేసుకుంటాం?"

కిటికీ ఊచకు మూడు తాళ్లు కట్టింది. ముందు లావువి, తర్వాత సన్నవి, ఆ పైన ఊలు దారాలు. ఎడమ వేళ్లు పాయను పట్టుకునేవి గానీ, వదలమంటే వదిలేవి కావు. కుడిచెయ్యి ఆగలేక సాయానికొస్తే ఆ అమ్మాయి చటుక్కున పట్టుకునేది. "పెద్దక్కను ఆగమనండి. చెల్లెల్ని చెయ్యనివ్వండి."

ఇంట్లోనూ అదే పని. వెనక గది కిటికీ నిండా జడలే. చివరికి వేళ్లు లొంగాయి. పిన్ని పొంగిపోతుంటే ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"తాడు కదలదు, జారదు, నొప్పి అనదు. ఇక మనిషి తల మీద చెయ్యాలమ్మా. ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఎందుకు లేరూ?" అంది పిన్ని.

మరదలిని అడుగుదామని నోరు తెరిచింది కూడా. "లేటయిపోయింది వదినా!" అన్న మాట అప్పటికే గుమ్మం దాటేసింది. ఆ పూట కిటికీకి వేలాడే తాళ్లను చూస్తే ఏడుపొచ్చింది. కాసేపు తల ఇచ్చే మనిషి ఒక్కరు లేరు.

ఇక ఉండబట్టలేక ఒక పొద్దున హాస్టల్‌కు పోయింది. వరండాలో అడుగుపెట్టి నిలబడిపోయింది. పిల్లలు రైలుపెట్టెల్లా ఒకరి వెనక ఒకరు కూర్చుని, ఎవరి ముందున్నదాని జడ వాళ్లు అల్లేస్తున్నారు.

"వాళ్లే నేర్చేసుకున్నారు పిన్నీ," అంది వార్డెన్ మొహమాటంగా. "ఇక ఆ పనికి మనిషి అక్కర్లేదన్నారు పైవాళ్లు."

పిన్ని వెళ్లిపోదామనే తిరిగింది. కానీ వరస చివరి పిల్ల జుట్టు విరబోసుకుని ఉంది, దాని వెనక ఎవరూ లేరు. ఎవరినీ అడక్కుండా వెళ్లి దాని వెనక కూలబడింది. ఎడమ వేళ్లు పాయను పట్టాయి, జారిపోతే మళ్లీ పట్టాయి. "అబ్బా, నొప్పి!" అంది పిల్ల. ఆ మాటకు పిన్నికి ప్రాణం లేచొచ్చింది.

రోజూ ఆ చివరి జడ వేసేది వరసలో మొదటి పిల్ల. తన జడ అవగానే దువ్వెన పట్టుకుని వెనక్కొచ్చింది. చూస్తే అక్కడ పిన్ని ఉంది. కాస్త తటపటాయించి, పిన్ని వెనకే చతికిలబడి, ఆమె వచ్చీరాని చేత్తో వేసుకున్న ముడి విప్పి దువ్వడం మొదలుపెట్టింది.

పిన్ని చేతులు ఆగిపోయాయి. తన తల మీద ఇంకొకరి చెయ్యి పడి ఎన్నేళ్లయిందో గుర్తు చేసుకోబోయింది, గుర్తు రాలేదు. "పాయలు సమంగా తియ్యవే," అని కసిరింది.

బడి గంట కొట్టేసరికి ముందున్నదాని జడకు రిబ్బను పడింది, వంకరగానైనా. పిన్ని జడ మాత్రం సగంలోనే ఉంది. పిల్లలంతా లేచి పరుగు. "మిగతాది రేపు వేస్తా పిన్నీ!" అని అరుస్తూ అదీ పోయింది. రేపు ఇక్కడికి రావడానికి పిన్నికి పని లేదని దానికెవరూ చెప్పలేదు.

పిన్ని జడను భుజం మీదుగా ముందుకు తెచ్చుకుంది. విడిపోకుండా, అల్లిక ఆగిన చోట ఎడమ చేత్తో బిగించి పట్టుకుని, గేటు దాటింది.